రెక్క వంగిన గంట

ఎడమచేత్తో ఇత్తడి తోమడం ఎంత కష్టమో ఆమెకు ఆ ఉదయమే తెలిసింది. కుడిచెయ్యి మోచేతి దాకా పిండికట్టులో ఉంది. పళ్ళెం, పంచపాత్ర, ఉద్ధరిణి ఎలాగో మెరిశాయి. పూజగంట ఒక్కటే లొంగలేదు. కాళ్ళమధ్య ఇరికించి తోముదామంటే దేవుడి వస్తువు. చివరకు దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, పసిబిడ్డకు నలుగు పెట్టినట్టు పీచుతో రుద్దింది. పిడిమీద ఉన్న గరుత్మంతుడి కుడిరెక్క వంగి ఉంది. తొమ్మిది రోజుల క్రితం అది తిన్నగానే ఉండేది.

ఆనాడు అభిషేకానికి ఆమె అందించిన నీళ్ళలో భర్త వేలు ముంచి చూశాడు. "స్వామికి చలి వెయ్యదూ?" అని ఎంతో మృదువుగా అడిగి, గంటను తలకిందులుగా పట్టుకుని పిడితో ఆమె మణికట్టు మీద కొట్టాడు. మొదటి దెబ్బకు చర్మం చిట్లింది. రెండో దెబ్బకు ఎముక పలికింది. మూడోది ఎందుకు కొట్టాడో ఆయనకే తెలియాలి. తరువాత గోరువెచ్చని నీళ్ళు తెప్పించుకుని, బొటనవేలంత విగ్రహానికి స్నానం చేయించి, చెవుల వెనక తడి కూడా మెత్తని గుడ్డతో అద్ది, పట్టుబట్ట చుట్టాడు. ఆ వేళ్ళకు అంత ఓర్పు ఉందన్న సంగతి పదహారేళ్ళ కాపురంలో ఆమె విగ్రహాన్ని చూసే తెలుసుకుంది. "రెక్క వంగింది చూడు, నీ మూలంగా" అన్నాడు లేస్తూ.

ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. పడితే ఎముక ఎలా విరుగుతుందో, కొడితే ఎలా విరుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. తన చేతిని తానే బల్లమీద సర్దుకుంటే తోటి ఉద్యోగిని మీట నొక్కింది. డాక్టరు ఫిల్మును వెలుతురుకెత్తి, "ఈసారీ స్నానాలగదేనా? మీ ఇంట్లో అలాంటివి ఎన్నున్నాయమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కారణం రాయవలసిన గడిలో 'జారిపడుట' అని రాశారు. ఆ నవ్వు మాత్రం ఇప్పటికీ ఆమె పళ్ళసందున ఇరుక్కునే ఉంది.

అత్తగారిది ఒకటే మాట: వాడికి నిష్ఠ ఎక్కువ, నిష్ఠగలవాడికి ముక్కుమీదే కోపం, మీ మామగారి నిష్ఠ నేను చూడలేదా. అలా అంటూ ఆవిడ నుదుటిమీది పాత మచ్చ మీదికి కొంగు లాక్కునేది.

ఇవాళ పూజ చూడడానికి భర్త పై అధికారి సతీసమేతంగా వచ్చి కూర్చున్నాడు. కట్టు కొంగుకింద దాచుకొమ్మని ముందే ఆజ్ఞ అయింది. ఆమె అక్షతల పళ్ళెం ఎడమచేత్తో అందించింది. భర్త పెదవులు మంత్రం వదలలేదు. ఆయన చెయ్యి మాత్రం కొంగుకింద దూరి, కట్టు చివర బయటపడిన వేళ్ళను పట్టి వెనక్కి విరిచింది. ఆమె కళ్ళముందు చీకటి కమ్మింది. ఆ చీకట్లోనే భర్త కణత స్పష్టంగా కనిపించింది. అక్కడ ఎముక కోడిగుడ్డు పెంకులా పలచన; రోజూ ఫిల్ముల్లో చూస్తుంది. ఎడమచేతికి గంట జానెడు దూరంలో ఉంది. ఒక్క దెబ్బ చాలు. పిడి చుట్టూ ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి.

"ధర్మపత్నీ సమేతస్య" అని భర్త ఆమె వేళ్ళు వదిలి ఆగాడు. ఆ మాట దగ్గర ఆమె కుడిచెయ్యి ఆయన చేతిని తాకాలి. తాకకపోతే పూజ చెల్లదని ఆయన గట్టి నమ్మకం. పదహారేళ్ళు ప్రతి ఉదయమూ తాకింది.

"చెయ్యి" అన్నాడు.

ఆమె కదలలేదు.

"వేలి కొసైనా ఆనించు తల్లీ, పెద్దవాళ్ళ ముందు ఏమిటిది" అని అత్తగారు గొణిగారు.

ఆమె కొంగు తొలగించి కట్టు ఒళ్ళో పెట్టుకుంది. గంటను అధికారి భార్య ముందు ఉంచింది.

"ఈ చెయ్యి జారిపడి విరగలేదండీ. ఈ గంటతో ఈయనే విరిచారు. రెక్క చూడండి. ఇక ఈయన్ని తాకను."

భర్త గుప్పిట్లో అక్షతలుండగానే చెయ్యి విసిరాడు. దెబ్బకు ఆమె పెదవి పగిలింది. పసుపు గింజలు కొన్ని నెత్తుటికి అంటుకుపోయాయి. అధికారి చూపు తన బూట్లు విడిచిన గుమ్మంవైపు పోయింది. ఆయన భార్య మాత్రం గంటను కళ్ళదగ్గరికి ఎత్తి, వంగిన రెక్కను వేలితో తడిమింది. అత్తగారు నేలమీద చెదిరిన అక్షతలను ఎవరూ తొక్కకుండా ఒక్కొక్కటే ఏరసాగారు.

ఆమె గంటను అధికారి భార్యనడిగి తీసుకుని, లేచి, చెప్పులు వేసుకుంది.

ఆసుపత్రిలో డాక్టరు ఆమె పెదవి చూసి నవ్వబోయి, బల్లమీద నిలబెట్టిన గంటను చూసి మానుకున్నాడు. ఆమె కాగితం తనవైపు తిప్పుకుని, కారణమనే గడిలో ఎడమచేత్తో 'భర్త' అని రాసింది. అక్షరాలు వంకర తిరిగాయి గాని, ఎవరైనా చదువుకోగలిగేలానే ఉన్నాయి.