చిరిగిన ఆఖరి ఆకు

ప్రతి గ్రంథాలయానికీ ఫేస్‌బుక్‌లో ఒక పేజీ ఉండాలని, వారానికి మూడు పోస్టులైనా పెట్టాలని పైఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. లైబ్రేరియన్ దాన్ని రెండుసార్లు చదివి తల పట్టుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో చెదపురుగుల నుంచి గట్టిగా మాట్లాడేవాళ్ళ దాకా అందరినీ అదుపులో పెట్టింది గానీ, ఇదేమిటో ఆవిడకు అంతుపట్టలేదు. చివరికి అన్న కూతురొచ్చి పేజీ తెరిచిపెట్టింది.

"పెట్టి ఊరుకుంటే కాదత్తా, జనం మాట్లాడాలి" అని ఒక సలహా కూడా పడేసి వెళ్ళింది.

కొత్త పుస్తకాల ఫోటోలు పెడితే మూడు లైకులొచ్చాయి. ఒకటి మేనకోడలిది, ఒకటి ఆవిడదే. మూడోది ఎవరో పొరపాటున నొక్కినట్టుంది.

ఒక మధ్యాహ్నం పాడైన పుస్తకాలు ఏరుతుంటే పాత డిటెక్టివ్ నవల చేతికి తగిలింది. లోపల అంటించిన చీటీ మీద తేదీ ముద్రలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఆవిడకు ఉద్యోగంలో చేరిన కొత్త రోజులు గుర్తొచ్చాయి. సాయంత్రం అయిదయ్యేసరికి బెంచీల మీద చోటుండేది కాదు. ఒక్క దినపత్రికను నలుగురు నాలుగు ముక్కలు చేసుకుని చదివేవారు. ఈ నవల కోసమైతే పేర్లు రాయించుకుని కాచుకునేవారు. అప్పటికే ఎవరో ఆఖరి ఆకు చింపుకుపోయారు. అయినా గిరాకీ తగ్గలేదు. హంతకుడెవరో తేల్చుకోలేక మెట్ల మీద నిలబడి వాదించుకునేవారు. ఆవిడకూ తెలియదు.

అట్ట ఫోటో తీసి, "దీనికి చివరి ఆకు లేదు. హంతకుడెవరో గుర్తున్నవాళ్ళు చెప్పండి" అని రాసింది.

మేనకోడలు దాన్ని ఊరివాళ్ళ గ్రూపుల్లో పంచిపెట్టింది కాబోలు, టీ తాగి వచ్చేసరికి నలభై కామెంట్లు! వంటమనిషి అని ఒకరు, కాదు డాక్టరని ఇంకొకరు. ఒకాయనైతే, చచ్చినవాడు అసలు చావనే లేదని ఒట్టేశాడు. ఆ తర్వాత మాట నవల మీంచి జారి కిర్రుమనే ఫ్యానుకీ, ఫ్యాను కింద కుర్చీ కోసం పడ్డ పోట్లాటలకీ మళ్ళింది. ఎక్కడెక్కడి వాళ్ళో. చాలా పేర్లు ఆవిడ తన చేత్తో కార్డుల మీద రాసినవే. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి చదివింది.

ఆ సాయంత్రమే ఒకామె రాసింది: "చింపింది నేనే. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. చెల్లెలు నాకంటే ముందు పూర్తి చేస్తోందని ఒళ్ళు మండి చింపాను. ఇంకా నా దగ్గరే ఉంది."

కాసేపటికే దాని కింద ఇంకో కామెంటు: "అక్కా! నువ్వా? ముప్పై ఏళ్ళుగా ఆ లైబ్రరీవాళ్ళని తిట్టుకుంటున్నాను కదే!"

కోపం రావాల్సింది పోయి లైబ్రేరియన్‌కు పొట్ట పట్టుకునేంత నవ్వొచ్చింది. "శనివారం అయిదింటికి ఆకు తీసుకుని ఇద్దరూ రండి. మిగతావాళ్ళూ రావచ్చు" అని రాసేసింది. రాశాక గుబులు పట్టుకుంది, ఎవరూ రాకపోతేనో అని.

ముప్పైమందికి పైనే వచ్చారు. అక్క తన సంచిలోంచి నాలుగు మడతల ఆకు తీసింది. తప్పు చేసిన పిల్లలా తలెత్తలేదు. లైబ్రేరియన్ దాన్ని సాపు చేసి, పల్చటి కాగితం పట్టీతో అతికించి పుస్తకం ఆమె చేతికే ఇచ్చింది.

"నేను కాదండీ, చెల్లెలు చదవాలి" అంది అక్క.

చెల్లెలు లేచి నిలబడి చదివింది. హంతకుడు పోస్టుమాన్. అతని పేరెత్తినవాళ్ళు ఆ కామెంట్లు పెట్టినవాళ్ళలో ఒక్కరూ లేరు.

"ఇంతా చేసి పోస్టుమానా!" అని చతికిలబడింది చెల్లెలు.

"నాకూ అప్పుడు ఏడుపొచ్చిందే" అంది అక్క, ఆమె భుజం మీద చెయ్యి వేసి.

నవ్వులు సద్దుమణిగాక కూడా ఎవరూ కదల్లేదు. కొందరు బీరువాల ముందు నిలబడి పాత అట్టలు తడుముతున్నారు. కొందరు బెంచీల మీద సర్దుకుని ఏదో తెరిచారు. మూసే వేళ దాటిపోయింది. ఆ మాట చెప్పడానికి లైబ్రేరియన్‌కు మనసొప్పలేదు.