వజ్రవ్వ డాబా మీది సలాక

నేను ఒక ఇనుప సలాకను. సగం ఒళ్లు పిల్లర్ లోపల చీకట్లో, సగం ఒళ్లు డాబా మీద ఎండలో పెట్టుకొని ఏళ్లు గడిపినదాన్ని. నావంటివాళ్లు మీ వీధిలోనూ కనిపిస్తారు. ఇంట్లో దీపం పెట్టి కాపురం చేస్తున్నా, కప్పు మీద నాలుగు మూలలా నిటారుగా నిలబడి ఉంటాం. చూసినవాళ్లు "అయ్యో, ఇల్లు సగంలో ఆపేశారు" అంటారు. అననీయండి. రాబోయే అంతస్తు కోసం ఆగడమే మా పని.

హైదరాబాదు శివార్లలోని ఒక మిల్లులో పుట్టాను. విరిగిన కుట్టుమిషన్లు, పాత బస్సుల రేకులు, ఎవరింటివో కిటికీ ఊచలు, అన్నీ కలిపి కొలిమిలో కరిగించారు. ఎర్రగా కాలుతుండగానే రోలర్ల నడుమ సాగదీసి, కాంక్రీటు పట్టు జారకుండా ఒంటినిండా గీట్లు పెట్టారు. కాంక్రీటు తనంత బలశాలి లేడనుకుంటుంది. ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది, నిజమే. కాస్త లాగితే మాత్రం పెళుక్కున చిట్లుతుంది. ఆ లాగుడంతా లోపల దాగి మోసేది నేను. పేరు మాత్రం దానిది. మనుషుల్లోనూ ఇలాంటి కాపురాలు చాలా ఉన్నాయి.

సుల్తానాబాదులో ఓదెలు నన్ను కొన్నాడు. పెళ్లి బ్యాండులో డ్రమ్ము కొట్టే మనిషి. కింద రెండు గదులు కట్టి, మమ్మల్ని పైకి వదిలాడు.

"పైన ఒక రూము లేపుత. బ్యాండు ఆడనే ప్రాక్టీసు చేసుకుంటది. గల్లీల ఎవ్వలు తిట్టరు," అన్నాడు పెళ్లాం వజ్రవ్వతో.

వాన పడకుండా నా నెత్తిన ఖాళీ సీసా బోర్లించాడు. వజ్రవ్వ నా మెడకు తాడు కట్టి బట్టలు ఆరేసింది. సాయంత్రాలు ఓదెలు ఆమెకు సరదాగా డ్రమ్ము నేర్పేవాడు. నెల తిరక్కుండానే ఆమె దెబ్బలో తడబాటు పోయింది. అప్పటినుంచి అతను సరదా మానేసి, శ్రద్ధగా నేర్పాడు.

ఒక ఎండాకాలం ఓదెలుకు కామెర్లు వచ్చాయి. పక్కింట్లో ఉండే అన్న రాజేశం ఆసుపత్రికి వద్దని పట్టుబట్టి, ఎక్కణ్ణుంచో ఆకుపసరు తెచ్చి తాగించాడు. ఓదెలు మళ్లీ డాబా ఎక్కలేదు.

కొన్నాళ్లకు వజ్రవ్వ డ్రమ్ము భుజానికి తగిలించుకొని పైకి వచ్చింది. ముందు మెల్లగా కొట్టింది. తర్వాత గోడలు అదిరేటట్టు కొట్టింది. ఆ పెళ్లిళ్ల కాలంలో భర్త స్థానంలో బ్యాండుతో వెళ్లింది. "మొగుడు పోయినది పెండ్లిల వాయిస్తదా?" అని కొందరు ముఖం తిప్పుకున్నారు. ఆ మాట విన్న ఇద్దరు ఆడవాళ్లు మాత్రం మర్నాడే వచ్చి, "మాకూ నేర్పు వజ్రక్కా," అన్నారు. ఇక రోజూ డాబా మీద ఎండలోనే సాధన.

రాజేశానికి తల కొట్టేసినట్టయింది. ఒక పొద్దున కటింగ్ మిషన్‌వాణ్ణి వెంటబెట్టుకొని పైకి వచ్చాడు. మిషన్ కుయ్యిమంది. చక్రం నా మెడకు ఆనగానే నిప్పురవ్వలు లేచాయి. ఆ చప్పుడుకు వజ్రవ్వ పరుగెత్తుకొచ్చింది.

"ఏం చేస్తున్నవ్ బావా?"

"నీ మంచికే. ఇంటిమీద సలాకలు నిలవడితే అరిష్టం. నా తమ్ముణ్ణి మింగినయి గివే. ఇగ నీకు పైన రూమెందుకు? ఎవ్వలుంటరు?"

"నీ తమ్ముణ్ణి నీ పసరు మింగింది. దవఖానకు తీస్కపోత అంటె తలుపుకడ్డం నిలవడ్డవ్. యాదికున్నదా? గిప్పుడు సలాకల మీదికి నూకుతున్నవా?"

రాజేశం మిషన్‌వాడితో, "కానియ్యవయ్యా," అన్నాడు.

వజ్రవ్వ తిరిగే చక్రం కిందుగా నన్ను గుప్పిట బిగించి పట్టుకుంది. రవ్వలు ఆమె చెయ్యి మీద పడుతున్నాయి. చెయ్యి కదల్లేదు.

"కొయ్యి. ఫస్టు నా చెయ్యి తెగాలె, తర్వాత సలాక."

మిషన్‌వాడు స్విచ్ ఆపేశాడు. "నాతోని గాదన్నా," అని వైరు చుట్టుకొని మెట్లు దిగాడు. రాజేశం కూడా అతని వెనకే దిగాడు. ఆమె నన్ను వదలకుండా అక్కడే కూర్చొని ఏడ్చింది. కొలిమి వేడి నాకు కొత్త కాదు. ఆ అరచేతి వేడి మాత్రం కొత్త.

వజ్రవ్వ బృందంలో ఐదుగురయ్యారు. పక్క మండలాలనుంచీ పిలుపులు రాసాగాయి. ఒకరోజు పైగది లేపడానికి మేస్త్రి వచ్చి, ఇనుప బ్రష్షుతో మా తుప్పంతా రుద్దాడు. నా గాటు దగ్గర ఆగాడు.

"వజ్రవ్వా, తుప్పు పైపైననే ఉన్నది. గీ ఒక్కదానికే దెబ్బ గట్టిగ తాకింది."

"పక్కన ఇంకోటి కట్టు. దాన్ని తియ్యకు."

కొత్త సలాకను నా పక్కన నిలబెట్టి, తీగతో గట్టిగా కట్టాడు. చుట్టూ పెట్టె బిగించి కాంక్రీటు పోశాడు. ఆకాశం కనబడకుండా పోయింది. దిగులు పడలేదు. ఇన్నాళ్లూ నిలబడింది ఇందుకే గదా!

ఇప్పుడు నాకేమీ కనబడదు, అంతా తెలుస్తుంది. నిన్న పైగదిలో సాధన జరుగుతుంటే, రాజేశం తన గుమ్మంలోంచి అరిచాడు.

"గా సప్పుడు బంద్ చెయ్యి!"

వజ్రవ్వ కిటికీ తెరిచింది.

"చెయ్యం బావా. నచ్చకుంటె నీ కిటికీ మూసుకో."

ఐదుగురూ ఒక్కసారిగా అడుగు కలిపి, డ్రమ్ముల మీద దరువెత్తుకున్నారు. ఆ అదురు స్లాబు నుంచి బీముకు, బీము నుంచి నాకు దిగింది. నేను అందులో కొంచెమైనా మింగలేదు. పిల్లర్ పొడుగునా మోసుకెళ్లి, పునాది దాటించి, రాజేశం గోడ కింది మట్టిదాకా పంపాను.