వరుస తప్పిన ఫైలు

జక్రయ్య తడిగుడ్డతో ఫైళ్ల అట్టలు తుడుస్తున్నాడు. మిరప సీజనులో ఆ ఘాటు ఆసుపత్రి రికార్డు రూమును కూడా వదలదు. ముప్పయ్యొక్క ఏళ్లుగా అతని పని ఒకటే: అడిగిన ఫైలు తీసివ్వడం, తిరిగొచ్చాక దాని నంబరు వరుసలో పెట్టడం. కొత్త రోగులు కంప్యూటర్లోకి వెళ్లిపోయారు. పాత తొమ్మిది వేల మంది జక్రయ్యకు మిగిలారు. కళ్లు మూసుకుని ఏ ఫైలైనా తీస్తానని గొప్పలు పోయేవాడు. ఇప్పుడు శుక్లాలొచ్చి ఎనిమిది, మూడు ఒకేలా కనిపిస్తున్నాయి. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లే కదా అని ఎవరికీ చెప్పలేదు.

పదిన్నరకు ఇమాం హుస్సేన్ చీటీతో వచ్చాడు. అతని భార్య జానీబీ మిర్చి యార్డులో తొడిమలు తీస్తూ కడుపు పట్టుకుని పడిపోయిందట. పేగు మెలిపడింది.

“పన్నెండేళ్ల కింద ఇక్కడే కోశారండీ. మత్తుమందు పడక చచ్చి బతికింది. అదేం మందో పాత ఫైల్లో చూడందే ఇప్పుడు మత్తియ్యరంట. ఎనిమిదివేల నూట నలభై ఆరండీ.”

8145 ఉంది. దాని పక్కన 8147 ఉంది.

జక్రయ్య మళ్లీ చూశాడు. 8146 లేదు. తన చేత్తోనే ఎక్కడో పెట్టాడు. వరుసలో లేని ఫైలు కావాలంటే మొదటి నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ రావడం తప్ప దారి లేదు. ఒకటో నంబరు దగ్గర మొదలుపెట్టాడు.

పన్నెండింటికి నర్సు హెలెన్ వచ్చింది.

“జక్రయ్య గారూ, ఇద్దరమ్మాయిల్ని పంపనా? తలా ఒక బీరువా చూస్తారు.”

వాళ్లొస్తే ఎన్ని ఫైళ్లు వరుస తప్పి ఎక్కడెక్కడ ఉన్నాయో బయటపడుతుంది. తన కళ్ల సంగతీ బయటపడుతుంది.

“వద్దమ్మా. నా రూము నాకు తెలీదా? అయిపోవచ్చింది.”

అప్పటికి వెయ్యి దగ్గరే ఉన్నాడు. ఆ మాట నోటినుంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో!

మూడింటికి 3146 పక్కన, అట్ట మీద జానీబీ పేరుతో దొరికింది. ఎనిమిదిని మూడనుకుని పెట్టాడు. ఫైలు గుండెకదుముకుని, మోకాళ్ల నొప్పులు మర్చిపోయి వార్డుకు పరుగెత్తాడు.

మంచం ఖాళీగా ఉంది. హెలెన్ దుప్పటి మారుస్తోంది.

“ఇక ఆగలేక రెండింటికి విజయవాడ పంపామండీ. మంగళగిరి దాటకముందే పోయిందంట. ఇప్పుడే ఫోనొచ్చింది.”

“నువ్వు పంపుతానన్నప్పుడు నేనే వద్దన్నానమ్మా. నాకు కళ్లు కనపడటంలేదు.”

ఏడాదిగా దాచిన మాట అది. ఇప్పుడు చెప్పి ఎవరికి లాభం? హెలెన్ తీసిన దుప్పటిని బుట్టలో వేసింది. జక్రయ్య గోడ పట్టుకుని బయటికి వచ్చాడు.

వార్డు గుమ్మం పక్కన ఆడమనిషి చెప్పుల జత ఉంది. ఒకదాని తెగిన పట్టీకి పిన్నీసు పెట్టి ఉంది. మడమలు ఆనే చోట మిరప దుమ్ము ఇంకా ఎర్రగానే ఉంది.