పాట తర్వాతి మాటలు

హలీనా తల్లి పోయిందని తెలిసిన మూడో రోజున ఉమ చారూ అన్నమూ డబ్బాల్లో సర్ది, కూతురు నిత్యను వెంటబెట్టుకుని పై అంతస్తుకు బయల్దేరింది. హలీనా ఉక్రెయిన్ ఆవిడ. కువైట్‌లో, సాల్మియాలో ఉమ వాళ్ళుండే బిల్డింగులోనే పిల్లలకు పియానో నేర్పుతుంది. నిత్య చిన్నప్పటినుంచీ ఆవిడ దగ్గరే నేర్చుకుంటోంది. అక్కడ యుద్ధం, ఇక్కడ కువైట్. తల్లి కడసారి చూపుకు కూడా హలీనా నోచుకోలేదు.

"ఆ పాట సంగతి ఎత్తావంటే ఊరుకోను," అంది ఉమ లిఫ్టులో.

"ఆవిడే వినిపించమందమ్మా. మెసేజ్ పెట్టింది."

"ముసలావిడ పాటకి డ్రమ్ములు కొట్టి ఉగాదికి స్టేజీ మీద గంతులేశారు. ఏ మొహం పెట్టుకుని వినిపిస్తావే?"

కిందటి చలికాలంలో, పాఠం మధ్యలో హలీనా తల్లికి వీడియో కాల్ చేసి నిత్య కోసం ఒక పాట పాడించింది. చలి వెళ్ళిపోయే రోజుల్లో వాళ్ళ పల్లె ఆడవాళ్ళు ఊరి చివర నిలబడి వసంతాన్ని పిలిచే పాట. ప్రతి చరణం చివరా గొంతెత్తి 'ఊ' అని పొలాల మీదికి ఒక కేక వేస్తారు. నిత్య దాన్ని తన ఫోన్‌లో రికార్డు చేసుకుంది. తర్వాత ఆ కేక పదే పదే వచ్చేలా కోసి, కింద బీట్ వేసి, తెలుగు సంఘం ఉగాదికి పిల్లల చేత డాన్సు చేయించింది.

తలుపు తీసిన హలీనా డబ్బాలు అందుకుని పియానో మూత మీదే పెట్టేసింది. మామూలు రోజుల్లో అక్కడ మంచినీళ్ళ గ్లాసు పెట్టినా ఒప్పుకునేది కాదు.

"పెట్టు నిత్యా."

పాట మొదలైంది. ఉమ తల ఎత్తలేదు. కాసేపటికి చూస్తే హలీనా పాదం తాళం వేస్తోంది.

"బాగుంది," అంది ఆవిడ, తనకొచ్చిన ఇంగ్లీషులో. "మా దగ్గరా ఇప్పుడు పిల్లలంతా ఇదే పని. అమ్మమ్మల పాటలు తీసుకెళ్ళి డిస్కో చేస్తారు. నీ సంగతి అమ్మకి చెప్తే, మోకాళ్ళ నొప్పుల్లేని వాళ్ళు గెంతనీ అంది."

ఉమ గుండె కుదుటపడింది. నవ్వబోయింది కూడా.

"ఇప్పుడు అసలుది పెట్టు. పాట అయ్యాక అమ్మ నన్ను తిట్టింది, గుర్తుందా? చిక్కిపోయావనీ, ఆ ఎడారిలో ఏం తింటున్నావనీ. అమ్మ మాట నా దగ్గర ఒక్కటి కూడా లేదు. రోజూ మాట్లాడేదే కదా అని ఎప్పుడూ రికార్డు చెయ్యలేదు. చేసింది నువ్వొక్కదానివే."

నిత్య ఫోన్ కిందికి దించింది. "ఆంటీ... మాటలు కోసేశాను. పాట వరకే ఉంచా. ఫోన్ నిండిపోయిందని అసలుది తీసేశా."

"లాప్‌టాప్‌లో?"

"లేదాంటీ."

ఉమ కూతుర్ని తిట్టబోయి, ఇప్పుడు తిట్టి ఏం లాభమని ఆగిపోయింది.

"నీకు మా భాష రాదుగా," అంది హలీనా చివరికి. "నీకది చప్పుడే."

నిత్య ఏడ్చేసింది. హలీనా ఆ పిల్ల తల నిమిరి, పాట మళ్ళీ పెట్టమంది. ఫోన్‌ను చెవి దగ్గరికి లాక్కుంది. కేకకు ముందు డ్రమ్ములు ఒక్క క్షణం ఆగాయి.

"ఇక్కడ ఆపు," అంది. "వెనక్కి జరుపు. అమ్మ ఊపిరి పీలుస్తోంది."

నిత్య వెనక్కి జరిపింది.

"ఇంకోసారి," అంది హలీనా.