గడ్డం కింది మరక

దుప్పటిని ఇద్దరూ చెరో కొస పట్టుకుని ఒక్కసారి విదిలించారు. ఎదురెదురుగా నాలుగడుగులు వేశాక అతను తన మూలలు ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ ఆ మడతను గడ్డం కింద నొక్కిపట్టి, చేతులతో సాపు చేసి, దొంతి మీద పెట్టింది. ఆసుపత్రి లాండ్రీలో రోజుకు మూడు వందల దుప్పట్లు. ఇరవై ఆరేళ్లుగా ఆవిడకు ఇదే పని. మడతలక్క అంటే తప్ప ఆవిడెవరో అక్కడ ఎవరికీ తెలియదు.

అతను సముద్రం అవతలి దేశంవాడు, కారునలుపు మనిషి. చెమట దుప్పట్ల మీద పడకూడదని నుదుటికి ఎప్పుడూ తెల్లగుడ్డ కట్టుకుంటాడు. తొమ్మిదేళ్ల కిందట చేరినప్పుడు అతనితో జత కట్టడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. సూపర్‌వైజరు ఆవిడకు అంటగట్టాడు. ఆవిడ మాత్రం ఏం తక్కువ తినలేదు. వేలికి వేలు తగిలితే కొంప మునుగుతుందన్నట్టు, మూలలు బల్లమీద పెట్టమనేది. ఒకరోజు అలాగే దుప్పటి జారి నేలపాలైంది.

"నా రంగు అంటుకోదక్కా. పుట్టినప్పటి నుంచి ఉతుకుతున్నా, ఒక్క చుక్క దిగలేదు" అన్నాడు.

ఆవిడకు నవ్వాగలేదు. నవ్వాక సిగ్గేసింది. ఆ రోజు నుంచి మూలలు చేతికే అందుకుంది. భర్త పోయినప్పుడు లాండ్రీ మొత్తంలో ఆవిడ గుమ్మం తొక్కింది అతనొక్కడే.

ఈ ఉదయం సూపర్‌వైజరు ఒక దుప్పటి తెచ్చి బల్లమీద పరిచాడు. మధ్యలో బొటనవేలంత నల్లమరక. వార్డు నుంచి తిరిగొచ్చినవాటిలో ఇది మూడోది.

"ఏవీ, చేతులు చూపించు" అన్నాడు అతనితో.

అతను చూపించాడు. శుభ్రంగా ఉన్నాయి.

"ఎంత కడిగినా అంతేలే. పన్నెండింటికి బ్యాడ్జీ ఇచ్చేసి వెళ్లిపో."

ఆవిడ మరక వంక చూసింది. అది సరిగ్గా తన గడ్డం ఆనే చోట ఉంది. తల నెరిసిందని తెలిస్తే ముసలిదానివి ఇంటికి పొమ్మంటారని రెండేళ్లుగా జుట్టుకు రంగు వేసుకుంటోంది. ఆవిరికి చెమట పట్టి ఆ రంగు చెంప మీదుగా గడ్డం దాకా కారుతోంది. నోరు తెరవబోయింది. తన పని పోతుందని మళ్లీ మూసుకుంది. అతను ఆవిడ చెంపనే చూస్తున్నాడు. తర్వాత ఇంకో దుప్పటి అందుకున్నాడు.

ఇద్దరూ మడతలు పెడుతూనే ఉన్నారు. తనంత పిరికిది ఈ లోకంలో ఉండదని ఆవిడకు అనిపించింది. పన్నెండుకు పది నిమిషాలుండగా ఇక ఉండబట్టలేక తువ్వాలు తడిపి తల తుడుచుకుంది. నల్లబడ్డ తువ్వాలును తీసుకెళ్లి సూపర్‌వైజరు ముందు పెట్టింది.

"మరక నాదండీ. పంపిస్తే నన్ను పంపించండి."

ఆయన తువ్వాలు చూశాడు, నెరిసిన పాపిట చూశాడు. లేచి తలుపు వేశాడు.

"కాగితం పైకి వెళ్లిపోయిందమ్మా. అయినా మరక ఎవరిదైతే ఏం? అతను ముట్టుకున్న దుప్పటంటేనే వార్డులో ముఖం చిట్లిస్తున్నారు. నీ పని నువ్వు చూసుకో."

ఆవిడ బతిమాలింది, అరిచింది, చివరికి ఏడ్చింది. తిరిగొచ్చేసరికి పన్నెండు దాటింది. అతను లేడు. గేటు దాకా పరుగెత్తింది. వీధిలో ఎవరూ కనిపించలేదు.

బల్లమీద ఒంటి చేత్తో మడిచిన చివరి దుప్పటి కాస్త వంకరగా ఉంది. దాని పక్కన, ఆవిడ నిలబడే వైపున, అతని నుదుటి తెల్లగుడ్డ ఉతికి, ఇస్త్రీ చేసి, ఆవిడ తలకు కట్టుకోవడానికి వీలుగా మడిచి ఉంది.