ఎండాకాలం ముగిసిందన్న తీర్పు

ఉప్పుగూడ స్టేషన్ రోడ్డులో విఠల్‌రావు ఇంటి అరుగుకు రేకుల నీడ ఉంది. ఆ అరుగు మీద ఎండాకాలమంతా ఆగమ్మ కుండలు అమ్ముతుంది. వానాకాలం రాగానే ప్రేమ్‌రాజ్ గొడుగులు బాగుచేస్తాడు. ఇద్దరికీ ఒకేసారి చోటు చాలదు. ఈ ఏర్పాటు విఠల్‌రావుదే. ఒక కాలం ముగిసి మరొకటి ఎప్పుడు మొదలవుతుందో మాత్రం ఆయన చెప్పలేదు. గుడిలో అర్చకుడు కనుక, పంచాంగంలో ఉన్నది అందరికీ తెలుసుననుకున్నాడు.

ఈ జూన్‌లో, రోడ్డు మీద తారు ఇంకా మెత్తబడుతూ ఉండగానే, ప్రేమ్‌రాజ్ పనిముట్ల పెట్టెతో వచ్చాడు. ఆగమ్మ దగ్గర బండెడు కుండలు మిగిలి ఉన్నాయి. ఆమెది ఒంటిగది ఇల్లు; కుండలు లోపల పెడితే మనుషులు బయట పడుకోవాలి. మాట పెరిగాక, పక్కింట్లో ఉన్న నన్ను పిలిచారు. బడిలో చాలా ఏళ్లు తగాదాలు తీర్చినదాన్ని.

"మిర్గం వచ్చింది, లేవమ్మా," అంటున్నాడు విఠల్‌రావు. "పొద్దుగాల ఇంగువ బెల్లం గూడ తిన్నం."

"మీ పంచాంగానికి చెమటలు పడ్తయా అయ్యగారూ? నాకు పడ్తున్నయి."

"ఫోన్ల గూడ చెప్పిండ్రక్కా," అన్నాడు ప్రేమ్‌రాజ్. "కేరళల మస్తు వానలంట."

"అయితే ఆడికే పో. నాతోని ఏంది లొల్లి?"

మృగశిర నక్షత్రాన్ని గాని కేరళను గాని నేను సాక్ష్యంగా అంగీకరించలేదు. ప్రేమ్‌రాజ్ దగ్గరికి మరమ్మతుకు మొదటి గొడుగు వచ్చిననాడే వానాకాలమని తీర్పు చెప్పాను. ఆ గొడుగు వానకు తడిసి ఉండాలని కూడా చేర్చాను. ఎందుకంటే అప్పటికే ప్రేమ్‌రాజ్, విరిగిన గొడుగేదైనా తెమ్మనడానికి తన బామ్మర్దికి ఫోన్ కలుపుతున్నాడు. ముగ్గురూ ఒప్పుకున్నారు.

మరునాటి మధ్యాహ్నం, మబ్బుతునక లేని ఆకాశం కింద, కృపాకర్ అనే రైల్వే ఉద్యోగి ఆటో దిగాడు. చేతిలో ఊచ విరిగిన గొడుగు. దాని నుంచి నీళ్లు కారుతున్నాయి.

"పురానాపూల్‌ల దంచికొడ్తున్నది మేడం," అన్నాడు. "ఈడేంది, చుక్క గూడ పడలే?"

ఆగమ్మ గొడుగు గుడ్డను పట్టి చూసింది. ఆటో పైకప్పును కూడా తడిమింది.

"వాననీళ్లే," అంది. కొంగు తలకు చుట్టుకొని, ఎండలోకి కుండలు దించడం మొదలుపెట్టింది.

ఏ పేటలో పడిన వానో నా తీర్పులో లేదు. లేని షరతును ఇప్పుడు చేర్చితే ప్రేమ్‌రాజ్‌కు అన్యాయం. చేర్చకపోతే ఆగమ్మకు అన్యాయం. మొదటిది నేను చేయలేదు. రెండవదాన్ని సరిదిద్దడానికి మా వరండా తలుపు తెరిచాను.

"ఎన్ని దినాలు టీచరమ్మా?" అని అడిగింది ఆగమ్మ, మొదటి కుండ గడప దాటించకముందే.

తారీఖు చెప్పే సాహసం నేను చేయలేదు.

"కుండలు అయిపోయేదాకా," అన్నాను.