మల్లక్క తోమిన పడవ

ఇంటికి తెచ్చిన వస్తువు ఏదైనా సరే, తోమి ఎండబెట్టందే మల్లక్క వాడదు. కొత్త బిందెనైనా మూడుసార్లు తోముతుంది. "నీళ్లను సుత కడుక్కొని తాగేటట్టున్నవే" అని మొగుడు రాయమల్లు ఎక్కిరించేవాడు. ముప్పై ఏళ్లుగా ఆమె దాన్ని మెచ్చుకోలుగానే తీసుకుంది.

రాయమల్లు హసన్‌పర్తి చెరువులో చేపలు పట్టేవాడు. తోటివాళ్లలాగే అతనికీ పడవ లేదు. నాలుగు థర్మకోల్ అట్టలను గోనెసంచిలో కుట్టి తాళ్లతో బిగించిన తెప్ప ఒకటి ఉండేది. దాని మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో వేలాడేసి పోవాలి. ఏళ్ల తరబడి నానీ నానీ వేళ్ల సందులు పుండ్లు పడ్డాయి. రోజూ వాటికి పసుపు, నూనె రాస్తూ మల్లక్క ఆ తెప్పను పచ్చి బూతులు తిట్టేది. తన మొగుడు పొడి కాళ్లతో, మనిషిలా కూర్చుని వల వేసేది ఎన్నడన్నదే ఆమె బెంగ.

అందుకే, ఎక్కడో షికారు పడవలు పాతబడి తుక్కుకు అమ్ముతున్నారని తెలియగానే పట్టుబట్టి ఒకటి తెప్పించింది. ఇద్దరు పక్కపక్కన కూర్చుని తొక్కే ఫైబర్ పడవ. రంగు వెలిసి, అడుగంతా పగుళ్లు. దాన్ని వాకిట్లో బోర్లా వేస్తే కోళ్లు తిరగడానికి చోటు లేకుండా పోయింది. ఫైబర్ నీళ్ల ట్యాంకులు బాగుచేసే ఖాజా పాషా రాయమల్లుకు చిన్ననాటి దోస్తు. అతనొచ్చి పగుళ్లు ఎలా గీకాలో, ఫైబర్ గుడ్డ పరిచి జిగురు ఎలా పట్టించాలో నేర్పాడు. ఆ పొడికి ఒళ్లంతా ఒకటే దురద. మల్లక్క కొబ్బరినూనె పూసుకుని మరీ రుద్దింది. పదిహేను రోజుల్లో తొక్కుడు చక్రం ఊడదీశారు, పగుళ్లు పూడాయి. ఇక మీరే చేసుకోగలరని పాషా కరీంనగర్‌లో పనికి వెళ్లిపోయాడు.

సీట్లను చేపల డబ్బాలుగా మార్చడం ఒక్కటే మిగిలింది. రాయమల్లు రంపంతో సీటు పైభాగం కోసేసరికి లోపల కుక్కి పెట్టిన థర్మకోల్ బయటపడింది. నల్లబడి, పాచి కంపు కొడుతోంది.

మల్లక్కకు ఒళ్లు మండింది. ఏ పీడ వదిలించుకుందామని ఇంత చాకిరీ చేశారో అదే మళ్లీ ఎదురైంది. పాషాకు ఫోన్ చేసి అడుగుదామన్నాడు రాయమల్లు.

"మురికి తీసుటానికి సుత ఒకల్నడగాల్నా?" అందామె.

కొడవలితో ముక్క ముక్కా తనే పెరికింది. రెండు బస్తాలయ్యాయి. వాటిని పెరటి గోడ వారన పారేసి, లోపలంతా సబ్బునీళ్లతో కడిగింది. డబ్బాలు అద్దంలా మెరిశాయి. నీలం రంగు వేసి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి పడవను చెరువులో దింపారు. ఆ సాయంత్రం రాయమల్లు పొడి కాళ్లతో ఇంటికొచ్చి, చూడమన్నట్టు ఆమె ముందు చాపాడు. మల్లక్క కడుపు నిండిపోయింది.

పదకొండు రోజులు గడిచాయి. మృగశిర కార్తెకు చేప వండని ఇల్లుండదు కనక, ముందురోజు అందరూ చెరువు మీదే ఉన్నారు. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలిదుమారం లేచింది. అలలు పడవలోకి దూకాయి. నిండిన పడవ నిండినట్టే అడుక్కి పోయింది. దానికి కట్టిన వల రాయమల్లు కాళ్లకు చుట్టుకుని అతన్నీ తీసుకుపోయింది. తెప్పల మీద పోయినవాళ్లందరూ తడిసి ముద్దై, ప్రాణాలతో ఒడ్డుకొచ్చారు.

పడవను పైకి లాగి వాకిట్లో వదిలిపోయారు. పదో రోజున పాషా వచ్చాడు. ఏడ్చాడు. తర్వాత పడవ దగ్గర కూర్చుని డబ్బాలో చెయ్యి పెట్టి, మూలమూలలా తడిమి చూశాడు.

"దీన్ల థర్మకోల్ ఉండాలె గదక్కా?"

"ఉండె. మురిగిందని నేనే తీసిన. ఎందుకు పెడ్తరు తమ్మీ దాన్ని?"

పాషా ఆమె మొహంలోకి చూడలేదు. "ఏం లేదక్కా. చప్పుడు రాకుండ పెడ్తరు, గంతే," అన్నాడు. టీ ఇచ్చినా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆషాఢంలో రెండు రోజులు వదలకుండా వాన కురిసింది. మూడోనాడు తెరిపిచ్చాక మల్లక్క పెరటి తలుపు తీసింది. మోకాటి లోతు నీళ్లు. నానిన బస్తాలు పిగిలిపోయి, ఆ నల్లటి ముక్కలు పెరడంతా తేలుతున్నాయి. వాటిలో ఒకదాని మీద కోడిపెట్ట ముడుచుకుని కూర్చుంది.

మల్లక్క ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయింది. పాషా ఎందుకు అబద్ధం చెప్పాడో, టీ ఎందుకు తాగలేదో అప్పుడు తెలిసింది. నీళ్లలోకి దిగి ఒక ముక్కను పట్టుకుని రెండు చేతులతో అడుక్కి అదిమింది. పైకొచ్చింది. ఇంకా గట్టిగా, మోకాలు ఆనించి అదిమింది. మళ్లీ పైకొచ్చింది.

"నిన్ను నా చేతులతోనే తీసి పారేసిన గదయ్యా," అంటూ ఆ మురికి ముక్కను రొమ్ముకు హత్తుకుని నీళ్లలోనే కూలబడింది.